మూడో పంక్తిలో మాట

నైఫ్ రోడ్డు వెనక, రెండు సెల్‌ఫోన్ దుకాణాల నడుమ
ఇరుక్కున్న టైపింగ్ సెంటర్ మాది.
ఏసీ నీళ్లు కారే డబ్బా పక్కన నా కుర్చీ.
పన్నెండేళ్లుగా దేరాలో కూర్చుని
ఊరుగాని ఊరివాళ్ల కష్టాలకి
మార్జిన్లు సరిచేస్తున్నాను.

ఆగస్టు. మధ్యాహ్నం నమాజు ముగిసిన వేళ
ముత్తెన్న వచ్చాడు,
చొక్కా వీపున చెమట ఎండి ఉప్పు గీతలు,
చేతిసంచీలో రెండు ఖాళీ క్యాన్లు.

"పద్నాలుగు మందిమి సారూ.
కంపెనీకి తాళమేసి ఐదు నెలలు.
జనరేటర్ల డీజిల్ ఒడిసింది,
రాత్రి బంగ్ల మీద పంటున్నం.
నీళ్ల ట్యాంకర్ మొన్న రాలే, నిన్న రాలే.
అన్నీ రాయున్రి. గట్టిగ రాయున్రి."

గట్టిగా రాయడానికి ఇంగ్లీషులో
నా దగ్గరున్నవి కొన్నే మాటలు.
అర్జెంటు ఎప్పుడో అరిగిపోయింది:
వీసా ఫోటోకీ అర్జెంటే,
బిర్యానీ పార్సిలుకీ అర్జెంటే.
అందుకని "డైర్" అని కొట్టాను
మూడో పంక్తిలో, నీళ్లకి ముందు.

వేలిముద్ర వేయించే ముందు
ప్రతి మాటా చదివి చెప్పడం నా అలవాటు.
ఒకసారి చెప్పకుండా వేయించాను.
ఆ సంగతి ఇక్కడ వద్దు.

"డైర్ అంటే? ధైర్యంల సగమా?"
అన్నాడు ముత్తెన్న, నవ్వకుండానే.

నోరు తెరిచాను. తెలుగు రాలేదు.
ఘోరం అందామా, అది జరిగిపోయాక అనే మాట.
అత్యవసరం, ఆసుపత్రి గోడ మీది ఎర్ర బోర్డు.
గండం అంటే గడిచిపోతుందన్న ఆశ దాంట్లోనే ఉంది.
ఇది జరిగిపోలేదు. గడిచిపోలేదు.
గుమ్మంలో నిలబడి చెప్పులు విడుస్తోంది.

నాకన్నా ముందు ఈ కుర్చీలో కూర్చున్న
సూడాన్ ముసలాయన ఇద్రీస్
వదిలి వెళ్లిన నిఘంటువు ఉంది,
అట్టకి ఇంకా ఖర్జూరం జిగురు.
పుటలు ఊడతీసి వెతికాను.
లాటిన్‌లో దీరుస్ అట.
రోము పూజారులు ఆకాశం కేసి చూసేవారు,
పిట్టలు ఎటు ఎగిరితే ఏం మూడుతుందోనని.
కీడు చెప్పే గుర్తులకి ఆ మాట వాడేవారు.
ఇంగ్లీషుకి చేరి నాలుగున్నర వందల ఏళ్లు.
అంతకు ముందు ఎవరిదో, ఏ కొండజాతిదో,
పుస్తకం తేల్చలేదు.

"చెడ్డ శకునం ముత్తెన్నా. పిట్టలు చెప్పేది."

తల ఊపలేదు.
డబ్బాలో పడుతున్న చుక్కల్నే చూశాడు చాలాసేపు.

"కిచెన్ ఎనుక పావురాలుంటుండె సారూ.
మెతుకులకు దిగుతుండె, గిన్నెలు కడిగిన నీళ్లు తాగుతుండె.
నాగభూషి ఒకదానికి పేరు గూడ పెట్టిండు.
నాలుగు దినాల సంది వస్తలేవు.
మాకన్న ముందుగాల వాటికెర్కైంది."

ఇంకో మాట అడగలేదు నేను.
మూడో పంక్తి కింద నాలుగోది కొట్టాను:
పావురాలు రావడం మానేశాయి.

మా ఓనరు కుంజుమోన్ భుజం మీదుగా చదివి
"ఇది తీసెయ్, కాన్సులేటులో నవ్వుతారు" అన్నాడు.
తీయలేదు.

ప్రింటరులో టోనర్ అయిపోవచ్చింది.
అన్నీ నల్లగానే పడి
ఆ ఒక్క మాట దగ్గర బూడిద రంగు.
పెన్నుతో దిద్దుతుంటే ముత్తెన్న వంగి చూశాడు.

"నాలుగే అచ్చరాలా?"
"నాలుగే."
"గింత చిన్నగుంటే ఎట్ల సారూ,
జర పెద్దగ చెయ్యరాదు."

రెండోసారి తీశాను, ఆ మాటొక్కటి లావుగా.
వేలు ఇంకులో ముంచి
కాగితం చివర అదిమి పెట్టాడు,
తీయడం మరిచిపోయినట్టు.

పదిహేను దిర్హాములు కుంజుమోన్ అడగలేదు,
నేను అడగనివ్వలేదో, గుర్తులేదు.
ముత్తెన్న మాత్రం అడిగాడు:
"మీ కూలర్ల నీళ్లు వట్టుకోవచ్చునా?"

రెండు క్యాన్లు నిండేదాకా
ఎవరం మాట్లాడలేదు.
పెద్ద సీసాలోంచి గాలి
బుడబుడమంటూ పైకి లేస్తూనే ఉంది.